క్యాజువాలిటీలో మొదటి ఉద్యోగం: కార్పొరేట్ ఆసుపత్రా, ఊరి దగ్గర ఆసుపత్రా?

బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి, మా ఊరి దగ్గర 50 పడకల ఆసుపత్రి క్యాజువాలిటీకి రెండు చోట్లా రమ్మన్నారు, ఎటు వెళ్ళాలి అని అడిగారు కదా. నేను చిన్నదాంట్లో మొదలుపెట్టి తర్వాత పెద్దదాంట్లోకి మారినదాన్ని. జీతం సంగతి తర్వాత, ముందు రెండు చోట్లా ఒకటే అడగండి: మొదటి రెండు నెలలు నైట్‌లో నా పక్కన ఎవరుంటారు?

ఎందుకంటే నా పక్కన ఎవరూ లేరు. చేరిన రెండో వారం, రాత్రి 11 దాటాక పురుగుల మందు తాగిన ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. నోట్లో నురగ, కనుపాపలు గుండుసూది తలంత, ఛాతీలో గురగుర. డ్యూటీ డాక్టరు ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టమన్నారు. మా దగ్గరున్న యాంపుల్ (మెడ విరిచి మందు లాగే చిన్న గాజు సీసా) 0.6 మిల్లీగ్రాములది, ఛాతీ క్లియర్ అయ్యేదాకా ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ పోవాలి, అంటే మూడు యాంపుల్స్‌తో మొదలైతే ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు... ఒక్కదాన్నే విరుస్తున్నా, బొటనవేలు తెగింది, ఎన్ని ఎక్కించానో లెక్క తప్పి ట్రేలో ఖాళీవి ఏరి లెక్కపెట్టుకుంటున్నా. అప్పుడు పై వార్డు నుంచి ఓ సీనియర్ సిస్టర్ పరిగెత్తుకొచ్చి, "నువ్వు విరిచి లాగు, నేను ఎక్కిస్తా, అంకె మాత్రం గట్టిగా చెప్పు" అంది. ఆయన బతికాడు. ఆ పుణ్యం ఆవిడది, నాది కాదు.

పెద్ద ఆసుపత్రిలో ఈ అవస్థ తక్కువ. ట్రయాజ్ ఉంటుంది, అంటే వచ్చినవాళ్ళలో ఎవరిని ముందు చూడాలో తేల్చే పద్ధతి, ఛాతీ నొప్పి అని వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని పట్టుబడతారు, పద్ధతి వంటబడుతుంది. కానీ కొన్నిచోట్ల కొత్తవాళ్ళతో నెలల తరబడి బీపీ చూడటం, బిల్లింగ్ ఫైలు పట్టుకుని తిరగడం, పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్ళడమే చేయిస్తారు. కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టే చాన్సే రాదు. మా చిన్న ఆసుపత్రిలో మొదటి నెలలోనే చేయి తిరిగింది, భయం మాత్రం ఏడాది దాకా పోలేదు.

చేరేముందు ఓసారి రాత్రి 8కి, డ్యూటీ మారే టైముకి వెళ్ళి బయట కుర్చీలో కూర్చోండి. హ్యాండోవర్, అంటే పేషెంట్ల వివరాలు తర్వాతి డ్యూటీవాళ్ళకి అప్పజెప్పడం, బెడ్ దగ్గర నిలబడి ఇస్తున్నారా, బ్యాగు భుజానేసుకుని నడుస్తూ ఇస్తున్నారా తెలిసిపోతుంది. లోపలికి రానిస్తే క్రాష్ కార్ట్ (ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందులు, పరికరాల బండి) రిజిస్టర్ చూడండి, రోజూ సంతకాలున్నాయా, లేక వారం మొత్తం ఒకే పెన్నుతో ఒకేసారి గీకేశారా అని. లారింగోస్కోప్ (గొంతులో శ్వాస గొట్టం వేసేటప్పుడు చూసే పరికరం) లైటు వెలుగుతోందా అని కూడా అడగండి, నవ్వితే నవ్వనివ్వండి. ఎమ్మెల్సీ (మెడికో-లీగల్, అంటే పోలీసులదాకా వెళ్ళే) కేసుల్లో నోట్స్ ఎలా రాయాలో ఎవరు నేర్పుతారో కనుక్కోండి. మీరు వేసిన టైము రేపు కోర్టు దాకా వెళ్ళొచ్చు.

హైదరాబాద్ వాళ్ళు కనీసం ఆరు వారాలు సీనియర్‌తో పాటే డ్యూటీ వేస్తామని రాసిస్తే కళ్ళు మూసుకుని అక్కడికి వెళ్ళండి. నోటిమాటే అయితే, ఊరి ఆసుపత్రిలో నైట్‌కి సీనియర్ ఉంటేనే అటు చేరండి. రెండూ కుదరకపోతే ఆర్నెల్లు ఏదైనా మెడికల్ వార్డులో చేసి రండి, క్యాజువాలిటీ ఎక్కడికీ పోదు.

ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ళ చేతికివ్వకండి. నేనిచ్చాను. మానేశాక అవి తిరిగి తెచ్చుకోడానికి నాలుగు నెలలు తిరిగాను, ఈలోపు చేతికొచ్చిన ఇంకో ఉద్యోగం పోయింది.