లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ మలుపుల్లో ఎందుకు శబ్దం చేస్తుంది?

హనుమకొండలో పాత జీపు వెనుక ఇరుసులో క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిస్తూనే, ఒకటే ఊరికే జారిపోకుండా ఆపే గేర్ల అమరిక) వేయించాక మలుపుల్లో గరగరమంటోందని, ప్లేట్ల బిగింపు తగ్గించాలా అని ఒకరు అడిగారు. ముందే విప్పించవద్దు. ఒక చక్రం జారినప్పుడు రెండవదానికి బలం అందించే ఆ ప్లేట్లే, మలుపులో రెండు చక్రాల వేగం వేరైనప్పుడు ఒకదానిపై ఒకటి జారాలి. అవి పట్టుతూ వదులుతూ కదిలితే ఈ శబ్దం వస్తుంది, దానికి తరచుగా కారణం మామూలు గేర్ ఆయిల్ పోయడమే. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు సాఫీగా జారేలా ఆయిల్‌లో కలిపే ద్రవం) కలిపించి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. మాడిఫయర్ మోతాదు మించితే పట్టే పోతుంది.

అప్పటికీ తగ్గకపోతే బిగింపు కొలిపించాలి. ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, టార్క్ రెంచ్‌తో ఆ చక్రం ఎంత బలానికి కదులుతుందో చూసి మాన్యువల్‌తో పోల్చాలి. ఆ స్థితిలో ఇంజన్‌తో చక్రం తిప్పకూడదు. నేల మీది చక్రానికీ బలం అంది బండి జాకీ మీది నుండి దూకుతుంది.

వెనుక టైర్లు రెండూ ఒకే సైజువి, ఒకేలా అరిగినవి కావాలి, లేకుంటే తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్లు అరుగుతూనే ఉంటాయి. వానాకాలంలో ఏటూరునాగారం వైపు వాగులు దాటించే బండైతే ఇరుసు లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం చూసుకోండి, దాని గుండా నీరు లోపలికి చేరవచ్చు. ఆయిల్ పాల టీ రంగుకు మారితే నీరు చేరినట్టే, వెంటనే మార్పించాలి.