అత్తగారిని ఒప్పించాల్సింది మీరు కాదు

ప్రశ్న: మేము అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చారు. ఇంకో రెండు నెలల్లో తిరిగి వెళ్లిపోతారు. మామగారు రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. పోయిన నెల ఒక ఆదివారం అందరం డౌన్‌టౌన్‌లోని క్లైడ్ వారెన్ పార్కుకు వెళ్లాం. అత్తగారు తెల్లవారకముందే లేచి పులిహోర, పెరుగన్నం చేసి స్టీలు క్యారియర్‌లో సర్దుకొచ్చారు. అక్కడ ఆవిడ క్యారియర్ విప్పబోతుంటే మావారు ‘అవన్నీ ఇక్కడ తీయకమ్మా, అందరూ చూస్తున్నారు’ అని ఫుడ్ ట్రక్కుకు వెళ్లి ఏవో కొనుక్కొచ్చారు. ఆవిడ ఏమీ తినలేదు. మామగారు ఒకే కుర్చీలో కూర్చుండిపోయారు. మావారు ఫోన్‌లో ఉంటే, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప వెనక పరుగెత్తింది నేనొక్కదాన్నే. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. మళ్లీ వెళ్దామంటే అత్తగారు రానంటున్నారు. ఆవిడను నేనే ఒప్పించాలని మావారు అంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ అత్తగారిని ఒప్పించవలసింది మీ వారేనమ్మా. నొప్పించిన మాట ఆయన నోటి నుంచి వచ్చింది కాబట్టి దాన్ని సరిదిద్దడం కూడా ఆయన వల్లే అవుతుంది. మధ్యలో మీరు రాయబారానికి వెళితే, తల్లీకొడుకుల మధ్య తేలిపోవలసిన విషయం అత్తాకోడళ్ల తగాదాగా మారుతుంది.

భాష రాని ఊళ్లో, కారు లేనిదే గడప దాటలేని స్థితిలో ఉన్న పెద్దావిడకు తన ఇష్టప్రకారం ఏదైనా చేయగలిగిన చోటు వంటిల్లొక్కటే. అందుకే తెల్లవారకముందే లేచి చింతపండు పులుసు ఉడికించి, పోపు పెట్టి, పాపకు కారం తగలకుండా పెరుగన్నం వేరే గిన్నెలో కలిపి తెచ్చుకున్నారు. ఆ మూత మళ్లీ మూయవలసి వచ్చినప్పుడు, నలుగురిలో తన వల్ల కొడుకుకు నామోషీగా ఉందనే ఆవిడకు అనిపించి ఉంటుంది. మీ వారి మనసులో అలాంటిదేమీ లేదనే నేను అనుకుంటున్నాను. పరాయి దేశంలో వేలెత్తి చూపించుకోకూడదని ఏళ్ల తరబడి జాగ్రత్తపడిన మనిషికి ఆ బెరుకు ఒక పట్టాన పోదు. అయితే ఆ పచ్చికలో దుప్పటి పరుచుకుని ఇంటి నుంచి తెచ్చుకున్నది తినడం వింతేమీ కాదు. కాబట్టి మీరు, పిల్లలు లేని సమయం చూసి ఆయన తల్లి పక్కన కూర్చోవాలి. ‘ఆ రోజు నేను అలా అనకూడదమ్మా, ఈసారి నీ పులిహోరే తిందాం’ అని సూటిగా చెప్పాలి. కారణాలు చెప్పుకోవడం మొదలుపెడితే ఆ మాటకు విలువ ఉండదు.

మీ మామగారి సంగతి నాకు ఇంకా బాధ కలిగించింది. ఆయన కూర్చున్న చోట అడుగున ఎనిమిది వరసల ఫ్రీవే మీద వాహనాలు పరుగెడుతున్నాయని ఎవరైనా ఆయనకు చెప్పారా? వుడాల్ రోడ్జర్స్ ఫ్రీవే మీద కప్పు వేసి, ఆ కప్పు మీద అయిదెకరాల పైచిలుకు పార్కును పెంచి 2012 అక్టోబరులో తెరిచారు. చెట్ల వేళ్లకు చోటు దొరికేలా దూలాల మధ్య కాలువల్లాంటి ఖాళీలు వదిలి, బరువు పెరగకుండా మట్టి అవసరం లేని చోట తేలికైన ఫోమ్ దిమ్మెలు నింపారు. జీవితమంతా రోడ్లు వేయించిన మనిషికి ఇంతకన్నా ఆసక్తి కలిగించేది ఏముంటుంది? ఈసారి మీ బాబును ఆయన చేతికి అప్పగించి, రోడ్డు పార్కు కిందికి దూరే అంచు దాకా ఇద్దరినీ నడిచి రమ్మనండి. మనవడి ప్రశ్నలకు ఆయనే జవాబు చెప్పుకుంటారు.

ఇక మీ విషయం. ఉత్తరం మొత్తంలో మీ గురించి రాసుకున్నది ఒక్క వాక్యమే. విహారమంటే అందరూ పొద్దస్తమానం ఒకే చోట కలిసి కూర్చోవాలన్న నియమం లేదు. బయలుదేరే ముందే మీ వారితో మాట్లాడుకోండి: మొదటి గంట పాపను పిల్లల ఆటస్థలంలో ఆయనే చూసుకోవాలి, ఫోన్ జేబులోనే ఉండాలి. పార్కు పక్కనే ఉన్న డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో సాధారణ ప్రవేశానికి టికెట్ ఉండదు. ఆ గంట మీరు ఒక్కరే అక్కడికి వెళ్లి రండి. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం చేయండి. మూడు గంటలకు మించి ఉండవద్దు, పెద్దలూ పసిపిల్లలూ అలసిపోయాకే చిరాకులు బయటపడతాయి. పార్కింగ్ వెతుకులాట కూడా ఒక తలనొప్పే కనుక, ఇర్వింగ్ నుంచి ఆరెంజ్ లైన్ రైలెక్కి సెయింట్ పాల్ స్టేషన్‌లో దిగితే కొద్దిపాటి నడకతో సరిపోతుంది. వేసవి అయితే మధ్యాహ్నం ఎండలో పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.

‘ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా’ అని మీ వారు కొట్టిపారేస్తే వాదనకు దిగవద్దు. అమ్మ ఆ మధ్యాహ్నం ఏమీ తినలేదన్న సంగతి మాత్రం గుర్తుచేసి ఊరుకోండి. ఆయన మాట్లాడేదాకా ప్రయాణం పెట్టుకోకండి, ఆవిడను బలవంతంగా కారెక్కించకండి. వాళ్లు తిరిగి వెళ్లేలోగా మిగిలినది రెండు నెలలే కనుక, ఈ విషయం మీ వారితో ఈ వారంలోనే ఎత్తండి.