కొత్త దేశానికి రక్షణ విధానం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

స్వాతంత్ర్యం వచ్చి ఇంకా రెండేళ్లు నిండని దేశంలో జాతీయ భద్రతా విధానం ముసాయిదా రాసే బృందంలో నీకు చోటు దొరికిందని తెలిసి చాలా సంతోషించాను, కొంత బెంగ కూడా పడ్డాను. నువ్వు పంపిన విషయసూచికను రెండుసార్లు చదివాను. ప్రపంచ పరిస్థితి, పొరుగు దేశాల నుంచి ముప్పు, సైబర్ భద్రత, సముద్ర జలాలు అంటూ అధ్యాయాలన్నీ పద్ధతిగానే ఉన్నాయి. కాని ఆ దేశంలో ఈ రోజు తుపాకి పట్టుకుని ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు జీతం ఎవరి చేతి మీదుగా అందుతోంది, ఆపద వచ్చిన రాత్రి వాళ్లు ఎవరి మాట వింటారు అనే ప్రశ్నలు అందులో ఎక్కడా లేవు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో చాలా ఏళ్లు, ఆ తర్వాత ఇలాంటి కొత్త ప్రభుత్వాలకు సలహాదారుగా మరికొన్నేళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, నీ పని ఆ మూడు ప్రశ్నల దగ్గరే మొదలుకావాలి.

కొత్త దేశాల చరిత్ర తలచుకుంటే, సరిహద్దు అవతలి నుంచి పడిన దెబ్బలకంటే సొంత బారక్సుల నుంచి పడినవే నాకు ముందు గుర్తుకొస్తాయి. కాంగో 1960 జూన్ 30న స్వతంత్రమైంది. దాని సైన్యంలో సిపాయిలందరూ ఆఫ్రికన్లు, అధికారులందరూ బెల్జియన్లు. ఆ సైన్యానికి అధిపతిగా ఉన్న బెల్జియన్ జనరల్ జాన్సెన్స్ సిపాయిలను సమావేశపరచి, స్వాతంత్ర్యానికి ముందు ఎలాగో తర్వాతా అలాగే అని నల్లబల్ల మీద రాసి చూపించాడు. జూలై 5న తిరుగుబాటు మొదలైంది, 11న కటాంగా రాష్ట్రం విడిపోతున్నట్టు ప్రకటించింది. దేశం పుట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. టోగోలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి తిరిగివచ్చిన సిపాయిలు తమను సొంత సైన్యంలోకి తీసుకొమ్మని అడిగితే, ఇంత చిన్న దేశానికి అంత సైన్యం ఎందుకని అధ్యక్షుడు ఒలింపియో ఒప్పుకోలేదు. లెక్కల మనిషిగా నాకు ఆయన వాదనలో తప్పు కనిపించదు. కాని ఆ సిపాయిలకు మరో బతుకుతెరువు చూపకుండా చెప్పిన ఆ కాదన్నమాటకు 1963 జనవరి 13న ఆయన ప్రాణమే మూల్యమైంది. ఆ మరుసటి సంవత్సరం జనవరిలోనే టాంగన్యికాలో (నేటి టాంజానియా ప్రధాన భూభాగం) జీతాలు పెంచాలని, బ్రిటిష్ అధికారులను తొలగించాలని సిపాయిలు తిరగబడితే, వాళ్లను అణచడానికి అధ్యక్షుడు నైరేరే నిన్నటి పాలకుల సైన్యాన్నే పిలిపించుకోవలసి వచ్చింది. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడికి అంతకంటే బాధాకరమైన పరిస్థితి ఉండదు. ఆయన మాత్రం అందులోంచి పాఠం నేర్చుకున్నాడు. పాత దళాన్ని రద్దుచేసి, అదే ఏడాది కొత్త సైన్యాన్ని పునాది నుంచి కట్టుకున్నాడు.

కనుక వెళ్లిన మొదటి వారంలో వ్యూహపత్రాలు అడగవద్దు, జీతాల పట్టిక అడుగు. అది నీ చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఎవరు అడ్డం పడతారో గమనించు. ఆ దేశపు భద్రత గురించి ఏ నిపుణుడూ చెప్పలేనిది నీకు దానితోనే తెలుస్తుంది. నేను పనిచేసిన ఒక చోట జీతం డబ్బు సంచుల్లో దళాధిపతికి చేరేది. ఆయన పేర్లు పిలిచి పంచేవాడు. పట్టికలో చనిపోయినవాళ్లూ ఉన్నారు, ఊరు వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు, ఆయన బంధువులూ ఉన్నారు. సిపాయి దృష్టిలో అన్నం పెడుతున్నది ప్రభుత్వం కాదు, ఆ దళాధిపతి. అలాంటప్పుడు రాజ్యాంగంలో సర్వసైన్యాధిపతి ఎవరని రాసినా ఆ సిపాయి తుపాకి ఎటు తిరుగుతుందో చెప్పనక్కరలేదు. కాంగోలోనే 2005 నుంచి యూరోపియన్ యూనియన్ బృందం ఒకటి ఆజ్ఞలిచ్చే వరుసను, జీతమిచ్చే వరుసను వేరుచేసే పని చేపట్టింది. సిపాయిలను వేలిముద్రలతో సహా లెక్కపెట్టి, జీతం దళాధిపతుల చేతుల మీదుగా పోకుండా చూడడమే దాని సారం. చూడడానికి గుమాస్తా పనిలా ఉంటుంది కాని, నేను చూసిన రక్షణ సంస్కరణలన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది ఇదే. అయితే ఒక జాగ్రత్త ఉంది. జీతాన్ని దళాధిపతి చేతిలోంచి తప్పించే నెలలోనే అది సకాలంలో, పూర్తిగా అందాలి. ఒక్క నెల ఆలస్యమైనా, మేమే నయం అని పాతవాళ్లు సిపాయిలకు నచ్చజెప్పేస్తారు.

ఇక తూర్పు తైమూర్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. అక్కడి పొరపాట్లు మంచి మనసుతో, ఐక్యరాజ్యసమితి కళ్ల ముందే జరిగాయి కాబట్టి నీలాంటివాళ్లు వాటిని తెలుసుకోవడం అవసరం. ఇండోనేషియా ఆక్రమణపై ఇరవై నాలుగేళ్లు పోరాడిన ఫాలింటిల్ గెరిల్లాల్లో కొందరితో 2001లో కొత్త సైన్యం ఏర్పడింది. ఎవరిని తీసుకోవాలో చాలావరకు గెరిల్లా నాయకత్వమే నిర్ణయించింది, చోటు దొరకనివాళ్లు మనసు గాయపడి ఇళ్లకు వెళ్లారు. మరోవైపు పోలీసు శాఖలోకి, అనుభవం ఉందన్న కారణంతో, ఇండోనేషియా హయాంలో పోలీసులుగా పనిచేసిన కొన్ని వందల మందిని తీసుకున్నారు. కొండల్లో ఆకలితో పోరాడినవాడికి పాత ప్రభుత్వపు పోలీసు కొత్త యూనిఫాంలో కనిపిస్తే ఏమనిపిస్తుందో ఊహించు. అంతటితో ఆగకుండా, సరిహద్దు కాపలా పోలీసుల ప్రత్యేక దళానికి అప్పగించి, సైనికుల చేతుల్లో ఉండవలసిన రకం రైఫిళ్లు వాళ్లకిచ్చారు. సైన్యానికేమో చేయడానికి స్పష్టమైన పని లేకపోయింది. 2002 మే 20న దేశం స్వతంత్రమయ్యే నాటికే రెండు సాయుధ సంస్థలు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటున్నాయి, ఎవరి హద్దు ఎక్కడో చెప్పే చట్టం లేదు.

2006 ఆరంభంలో పశ్చిమ జిల్లాల సైనికులు పదోన్నతుల్లో, వసతుల్లో తమకు అన్యాయం జరుగుతోందని అర్జీ పెట్టుకున్నారు. దాన్ని నిష్పాక్షికంగా విచారించే యంత్రాంగం లేదు. బారక్సులు వదిలి వెళ్లారన్న కారణంతో మార్చిలో ఒక్కసారిగా 594 మందిని, అంటే సైన్యంలో మూడో వంతుకు మించి, తొలగించారు. ఏప్రిల్ చివర వీధుల్లో హింస చెలరేగింది. మే 25న రాజధాని డిలీలో సైనికులు, పోలీసులు ఒకరిపై ఒకరు కాల్పులు జరుపుకున్నారు. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంతో ఆయుధాలు అప్పగించి, దాని పతాకం కింద బయటికి వస్తున్న పోలీసులపైనే సైనికులు కాల్పులు జరిపితే ఎనిమిది మంది చనిపోయారు. సుమారు 1,50,000 మంది ఇళ్లు వదిలి శిబిరాలకు చేరారు, ప్రధానమంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. పౌరులకు ఆయుధాలు పంచినందుకు అంతర్గత వ్యవహారాల మంత్రికి 2007లో శిక్ష పడింది. ఇందులో విదేశీ శత్రువు పాత్ర ఏమీ లేదని గమనించు. ఒక అర్జీని సరిగ్గా విచారించి ఉంటే, పోలీసుల పని ఏది, సైన్యం పని ఏది అని ఒక పేజీలో రాసి చట్టం చేసి ఉంటే, ఆ శిబిరాలు వెలిసేవి కావని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే నీ ముసాయిదాలో ఈ రెండింటికీ సైబర్ భద్రత కంటే ముందు చోటివ్వమని వేడుకుంటున్నాను. సైన్యం దేశం లోపల ఎప్పుడు, ఎవరు రాతపూర్వకంగా కోరితే, ఎన్ని రోజులకు, ఎవరి ఆధీనంలో దిగవచ్చో స్పష్టంగా రాయి. సిపాయి తన పై అధికారిపైనే ఫిర్యాదు చేసుకోగల స్వతంత్ర అధికారిని చట్టం ద్వారా నియమించమని కోరు.

మాజీ యోధుల విషయంలో మరో చిక్కు వస్తుంది. బంగ్లాదేశ్‌లో విముక్తి యుద్ధం చేసిన అధికారులకు రెండేళ్ల సీనియారిటీ అదనంగా ఇచ్చారు. పాకిస్తాన్‌లో నిర్బంధంలో ఉండి తర్వాత తిరిగివచ్చిన అధికారులకు అది అవమానంగా తోచింది. త్యాగాన్ని గౌరవించడం న్యాయమే, కాని దాన్ని పింఛను రూపంలో, భూమి రూపంలో, పతకం రూపంలో గౌరవించాలి, ఆజ్ఞలిచ్చే వరుసలో కలపకూడదు. అక్కడే 1972లో సైన్యానికి సమాంతరంగా రక్షీ బాహిని అనే దళాన్ని పెంచారు. తమకు దక్కవలసింది దానికి పోతోందన్న భావన సైన్యంలో రగిలింది. 1975 ఆగస్టు 15న దేశాధ్యక్షుడు ముజిబుర్ రెహమాన్‌ను చంపింది సైన్యంలోని అధికారులే. ఘనాలో అధ్యక్షుడు నక్రుమా కూడా తన రక్షణకు ప్రత్యేక రెజిమెంటును పెంచుకున్నాడు, 1966 ఫిబ్రవరిలో ఆయనను కూలదోసిన సైనికాధికారులు చెప్పుకున్న ఫిర్యాదుల్లో అదొకటి. భయపడే పాలకుడికి సొంత దళం కావాలనిపించడం సహజం. నువ్వు పనిచేసే దేశాధినేతకూ ఏదో ఒక రోజు అనిపిస్తుంది. ఆ రోజు ఈ రెండు ఉదాహరణలు ఆయన బల్ల మీద ఉండేలా చూడు.

పౌర ప్రభుత్వపు అదుపు గురించి నీ పత్రంలో ఒక అధ్యాయం ఉంది, మంచిదే. భారతదేశం ఈ విషయంలో తొలినాళ్లలోనే శ్రద్ధ పెట్టింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా కూర్చున్న కమాండర్ ఇన్ చీఫ్ స్థానాన్ని తగ్గించి, రక్షణ వ్యవహారాలను మంత్రి చేతికిచ్చింది, 1955లో ఆ పదవి పేరునే తొలగించి మూడు దళాలకూ సమాన హోదా గల అధిపతులను పెట్టింది. అదే బ్రిటిష్ సైన్యపు మరో భాగాన్ని వారసత్వంగా పొందిన పాకిస్తాన్‌లో 1958లోనే సైనిక పాలన వచ్చింది. అయితే ఈ అదుపు మంత్రుల నుంచి, పార్లమెంటు నుంచి జారి, క్రమంగా మాలాంటి కార్యాలయ ఉద్యోగుల చేతుల్లోకి వచ్చిందని నేను బాధతో ఒప్పుకోవాలి. ఫైలు మీద అభ్యంతరం రాయడమే పర్యవేక్షణ అని నేనూ చాలాకాలం అనుకున్నాను. సైనికాధికారులకు మంత్రిత్వ శాఖ లోపలే విభాగం ఏర్పడడానికి 2020 దాకా ఆగవలసి వచ్చింది. నీ దేశంలో మొదటి నుంచే మంత్రిత్వ శాఖలో పౌరులు, సైనికులు ఒకే గదిలో కూర్చుని పనిచేసేలా రాయి. ఆఖరి మాట మాత్రం ఎన్నికైన మంత్రిది, ఆయన జవాబు చెప్పవలసింది పార్లమెంటుకు. పార్లమెంటు స్థాయీ సంఘానికి రక్షణ బడ్జెట్‌ను పద్దులవారీగా చూసే హక్కు లేకపోతే మిగిలిన వాక్యాలన్నీ అలంకారాలే అవుతాయి.

ఆయుధాల కొనుగోలు గురించి ఎక్కువ రాయను. పరేడ్‌లో బాగా కనిపించే యుద్ధ విమానం కంటే, విడిభాగాలు దొరికే లారీలు, పడవలు, పనిచేసే రేడియోలు ఆ దేశానికి మొదటి పదేళ్లూ ఎక్కువ ఉపయోగపడతాయి. గూఢచార సంస్థ విషయంలో మాత్రం తొందరపడవద్దు. దాని అధికారాలు, దాన్ని తనిఖీ చేసేవారు ఎవరన్నది చట్టంలో తేలకముందే భవనం కట్టి మనుషులను నియమిస్తే, ఆ తర్వాత దానికి హద్దులు గీసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ రాదు.

విదేశీ సలహాదారులు తమ దేశపు నమూనా తెచ్చి పెడతారు. విను, కాని దాన్ని యథాతథంగా దించుకోవద్దు. 1965లో స్వతంత్రమైన నాటికి సింగపూర్‌కు రెండే పదాతి బెటాలియన్లు ఉండేవి. అది ఇజ్రాయెల్ సలహా తీసుకుంది, కాని వేలమందిని చేర్చుకోవడానికి ముందు 1966లో శిక్షణ సంస్థను పెట్టి అధికారులను, శిక్షకులను తయారుచేసుకుంది, నిర్బంధ సైనిక సేవ 1967లో వచ్చింది. కాంగో కథతో పోల్చి చూస్తే ఈ వరుస ఎంత ముఖ్యమో నీకే తెలుస్తుంది. ఎస్తోనియా లాంటి క్రమశిక్షణ గల దేశంలో కూడా 1993 వేసవిలో పుల్లపా దగ్గర ఒక స్వచ్ఛంద పదాతి కంపెనీ ప్రభుత్వ ఆజ్ఞలను ధిక్కరించింది. ఆ మరుసటి ఏడాదే మిగిలిన రెండు బాల్టిక్ దేశాలతో కలిసి ఉమ్మడి బెటాలియన్ పెట్టుకుని, బయటివారి ప్రమాణాలతో తన సైనికులను తీర్చిదిద్దుకుంది. అసలు సైన్యం అవసరమా అని అడిగే ధైర్యం కూడా ఉండాలి. కోస్టారికా అంతర్యుద్ధం ముగిశాక 1948 డిసెంబరులో సైన్యాన్ని రద్దుచేసి, 1949 రాజ్యాంగంలో ఆ మాట రాసుకుంది. నీ దేశానికి అది కుదరకపోవచ్చు, కాని ఆ ప్రశ్న వేసి, జవాబు రాసిపెడితే, ఎంత సైన్యం కావాలన్న చర్చకు ఒక ఆధారం దొరుకుతుంది.

చివరగా ముసాయిదా భాష సంగతి. ఒక దేశంలో విధాన పత్రం విదేశీ భాషలో అచ్చయి, సిపాయిలకు తెలిసిన ఏ భాషలోకీ రాకుండానే అల్మారాలోకి వెళ్లడం నేను చూశాను. ముప్పు ఏమిటని సరిహద్దు గ్రామాల్లో ఆడవాళ్లను అడుగు, పశువుల దొంగతనం గురించో, చెక్‌పోస్టులో వసూళ్ల గురించో చెబుతారు, అవి కూడా రాసుకో. లైబీరియా కొత్త సైన్యాన్ని కట్టేటప్పుడు అభ్యర్థుల ఫోటోలను ప్రజల ముందు పెట్టి, వీరిలో గతంలో మానవ హక్కులను ఉల్లంఘించినవారున్నారా అని అడిగారు. ఆ పద్ధతిని నీ బృందం ముందు పెట్టు.

జీతాల పట్టికతోపాటు ఆయుధాగారం రిజిస్టరు, కాల్పులకు ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరిదో చెప్పే చట్టం, ఈ మూడూ చేతికి వచ్చాక నాకు ఉత్తరం రాయి. రిజిస్టరులోని సంఖ్యకూ గదిలో ఉన్న తుపాకుల సంఖ్యకూ ఎంత తేడా వచ్చిందో అందులో తప్పకుండా తెలియజెయ్యి.

ఇట్లు,
నీ మావయ్య