రెజిన్ డబ్బా తర్వాత, ముందు చిల్లు వెతుకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పాత ఎంటర్‌ప్రైజ్ డింగీ, అదే చిన్న తెరచాప పడవ, కొన్నావని, గంటకే అడుగున నీళ్లు చేరుతున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఫొటో చూశాను. నీలం తెరచాప, కొత్త రంగు, తళతళా మెరుస్తోంది. పైన పటారం లోన లొటారం అంటారే, పాత పడవలన్నీ అంతే. టెన్షన్ పడకు. ఫైబర్ పడవ పొట్ట అంత తేలిగ్గా చిల్లు పడదు. దానికి ఎక్కడెక్కడ కన్నం పెట్టి బోల్టు బిగించారో అక్కడే కారుతుంది.

ముందు ఒకటి తేల్చుకో. నీళ్లు నువ్వు కూర్చునే చోట చేరుతున్నాయా, పడవను తేల్చి ఉంచే పక్కనున్న గాలి ట్యాంకుల్లోనా? ఒడ్డుకు లాగాక పడవను అటూ ఇటూ ఊపి చెవి పెట్టి విను. లోపల గలగలమంటే ట్యాంకులోకి చేరినట్టే. బిరడా తీసి, వచ్చిన నీళ్లను మగ్గుతో కొలిచి రాసి పెట్టుకో. రేపు బాగు చేశాక తేడా తెలియాలంటే ఈ లెక్క కావాలి.

కూర్చునే చోట కారుతుంటే పడవను పాత టైర్ల మీద సమంగా కూర్చోబెట్టి, బయట పొడిగా తుడిచి, లోపల మూడు నాలుగు బకెట్ల నీళ్లు పొయ్యి. అంతకు మించొద్దు. లీటరు నీళ్లంటే కిలో బరువు, నిండా పోస్తే పొట్ట మీద కొత్త పగుళ్లు వస్తాయి. బయట అనుమానం ఉన్న చోట్ల ముగ్గుపిండి చల్లు, తడి తగలగానే రంగు మారుతుంది. అడుగున బిగించి ఉండే, నీళ్లను బయటికి తోడే బెయిలర్ చుట్టూ, సెంటర్‌బోర్డు (పడవ పక్కకు కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక) దిగే పెట్టె అడుగు అతుకు, వెనక డ్రెయిన్ బిరడా, చుక్కాని బిగించే బోల్టులు. దొంగ నూటికి తొంభైపాళ్లు ఈ నలుగురిలోనే ఉంటాడు.

ట్యాంకుల పరీక్ష పంచర్ షాపు పద్ధతే. బిరడా కన్నంలో రబ్బరు గొట్టం బిగించి నోటితో మెల్లగా ఊదు, ఇంకొకరిని అతుకుల మీద సబ్బు నురగ పూయమను. బుడగ లేచిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టు. పంచర్ షాపు కంప్రెసర్ మాత్రం తేవద్దు, డెక్ అతుకు ఊడి వస్తుంది. నేనొకసారి సబ్బు లేక కుంకుడుకాయ రసం వాడాను. బుడగలు బాగానే వచ్చాయి కానీ కళ్లు మండి సగం రోజు పోయింది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మే నెల ఎండలో ఒడ్డున పడున్న పడవ ట్యాంకులో గాలి కాలిపోతుంటుంది. బిరడా బిగించి చల్లటి నీళ్లలోకి తోస్తే ఆ గాలి కుంచించుకుపోతుంది. 45 డిగ్రీల నుంచి 28కి దిగితే అయిదు శాతం దాకా. ఆ ఖాళీ నింపుకోవడానికి ట్యాంకు సూది మొనంత సందు నుంచైనా నీళ్లు పీల్చేస్తుంది. అందుకే ఒడ్డున ఉన్నంతసేపూ బిరడాలు తీసి ఉంచు. నీళ్లలోకి దింపేముందు బిగించు.

చిల్లు దొరికాక కూడా చేతులు దురద పెట్టనీకు. నేను ముప్ఫై ఏళ్ల కిందట ఒక డింగీ అడుగుకు రెండు రోజులు కూర్చుని గాజు నార మ్యాట్ వేసి, రెజిన్ జిగురు పూసి, సానపట్టాను. నీళ్లలో దింపితే మళ్లీ అంతే. చివరికి చూస్తే, డ్రెయిన్ బిరడా రబ్బరు వాషర్ ఎండి చిట్లిపోయి ఉంది! అది తెలిశాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

బోల్టు దగ్గర కారుతుంటే పైన పూత పూసి ఊరుకోకు. బోల్టు ఊడదీసి, పాత జిగురు గీకి, అసిటోన్‌తో తుడిచి, పాలియురేథేన్ సీలెంట్ వేసి బిగించు. మొదట కొంచెం వదులుగా బిగించి, అది గట్టిపడ్డాక చివరి తిప్పు తిప్పు. ఒకేసారి బిగిస్తే సీలెంటంతా పక్కకు కారిపోతుంది. బాత్రూములో వాడే సిలికాన్ జోలికి పోకు. దాని మరక ఉన్న చోట తర్వాత రంగూ అంటదు, ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపి వాడే గట్టి జిగురు) కూడా అంటదు.

పగులు నిజంగానే ఉంటే ఎపాక్సీ వాడు. ముందు మంచినీళ్లతో బాగా కడుగు, హుస్సేన్‌సాగర్ జిడ్డు సంగతి నీకు తెలుసు కదా. తర్వాత వారం రోజులు నీడలో ఆరబెట్టు. పైన పొడిగా కనిపించినా పగులు లోపల తడి ఉంటుంది. పగులు చుట్టూ వాలుగా సానపట్టి, గాజు నార గుడ్డను ఎపాక్సీతో తడిపి ఒకదాని మీద ఒకటి పొరలుగా వెయ్యి. పని తెల్లారకముందే మొదలుపెట్టు, ఎపాక్సీని కొంచెం కొంచెంగా కలుపుకో. మన ఎండకు కప్పులోనే పొగలు కక్కి రాయైపోతుంది. సానపట్టేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లోవ్స్ మరవకు.

అన్నీ అయ్యాక తిన్నగా బుద్ధ విగ్రహం దాకా పోవద్దు. ఒడ్డు పక్కనే అరగంట తిప్పి, మగ్గు లెక్క మళ్లీ చూసుకో, లైఫ్ జాకెట్ వేసుకునే.

డ్రెయిన్ బిరడా వాషర్ లోపలి కొలత, బయటి కొలత రెండూ రాసి పంపు. శనివారం రాణిగంజ్ వెళ్తున్నాను, రెండు తెస్తాను. ఒకటి ఎలాగూ నువ్వు పారేసుకుంటావు.

ఇట్లు,
మీ మామయ్య