హైదరాబాద్ వెళ్లాలా, విశాఖలోనే ఉండిపోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. మా వారు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ల్యాబ్‌లో పదకొండేళ్లుగా చేస్తున్నారు, నెలకి 55 వేలు చేతికొస్తాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో పాశమైలారం వైపు ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10 లక్షల 20 వేల ప్యాకేజీతో ఆఫర్ వచ్చింది, అంటే నెలకి 85 వేలు. అమ్మాయి 8వ తరగతి, డాక్టర్ అవుతానంటుంది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, 24 వేలు ఇస్తారు. సొంతిల్లే, కింద వాటాలో మామయ్యగారు, పైన మేము. ఆయనకి 74 ఏళ్లు, అత్తయ్యగారు లేరు. ‘మీరు వెళ్లండి, నేను ఇక్కడే ఉంటాను’ అంటున్నారు. ఆడపడుచు ఉండేది అనకాపల్లిలో. మా వారేమో ముందు తనొక్కరే వెళ్లి, పాప పదో తరగతి అయ్యాక మమ్మల్ని తీసుకెళ్తానంటున్నారు. ఏం చెయ్యాలో తోచక టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ 85 వేల సంగతి చూద్దామమ్మా, ఎందుకంటే మీ ఇంట్లో మాటలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతున్నట్టున్నాయి. ప్యాకేజీని 12తో భాగిస్తే వచ్చేది జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, ఏడాది చివర ఇస్తే ఇచ్చే బోనస్ అన్నీ అందులోనే కలిపి చూపిస్తారు, మళ్లీ మీ వారి వంతు పీఎఫ్ కూడా జీతంలోంచే పోతుంది. 12 లక్షల లోపు కాబట్టి కొత్త విధానంలో ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, ఆ బెంగ లేదు. అయినా చేతికొచ్చేది 70, 72 వేల దగ్గర ఆగుతుందని నా అంచనా. జీతం విడివిడిగా ఎలా ఉంటుందో చూపించే కాగితం హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోమనండి, అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

అంటే పెరిగేది 15 వేల పైచిలుకు. మియాపూర్, చందానగర్ వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, మెయింటెనెన్స్‌తో కలిపి 20 వేలకి తక్కువలో దొరకడం కష్టం, ఇక్కడ మీకు అద్దే లేదు. పై వాటా అద్దెకిస్తే కొంత వెనక్కి వస్తుంది, నిజమే. కానీ మీ 24 వేల మాటేమిటి? ఉత్తరమంతా భర్త గురించీ, పాప గురించీ, మామగారి గురించీ రాసి మీ ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంటికి వచ్చే ప్రతి వంద రూపాయల్లో 30 మీవి. అది ఆగిపోతే, ఇంత పెద్ద ఆఫర్ వచ్చి కూడా నెల తిరిగేసరికి ఇప్పటికంటే తక్కువే మిగులుతుంది. లెక్కల టీచర్లకి హైదరాబాద్‌లో గిరాకీ ఉంది, ఉద్యోగం దొరకదని నేను అనను, కానీ అది మీరు ఇక్కడ రాజీనామా ఇవ్వకముందే చూసుకోవాలి, అక్కడికి వెళ్లాక కాదు.

ఇక పాప. మీ వారి ప్లాన్‌లో నాకు బొత్తిగా నచ్చనిది పదో తరగతి దాకా ఆగడమే. ప్రభుత్వ మెడికల్ కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకి ఎక్కడ చదివినా ఒకటే, అయితే రాష్ట్ర కోటాలో లోకల్ లెక్క ఉంటుంది, అంటే అక్కడ చదివిన పిల్లలకే ప్రాధాన్యం. తెలంగాణలో ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలని 2024లో జీవో 33 తెచ్చారు, దాన్ని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 9, 10, ఇంటర్ రెండేళ్లు, సరిగ్గా నాలుగు. ఈ జూన్‌లో 9వ తరగతికి అక్కడ చేరితే పాప తెలంగాణలో లోకల్, ఇంటర్ దాకా విశాఖలోనే ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో లోకల్. పదో తరగతి ఇక్కడా ఇంటర్ అక్కడా అయితే తెలంగాణలో లోకల్ కాదు, ఇక్కడి నాలుగేళ్ల వరుసా తెగిపోతుంది. డాక్టర్ చదవాలనుకునే పిల్లకి ఆ పరిస్థితి తేవద్దు, దయచేసి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది అడ్మిషన్ నోటిఫికేషన్ కూడా చూసుకోండి, ఏ ఊళ్లో చదివినా స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది తీసి పెట్టుకోండి.

ఆయనొక్కరే వెళ్లడం గురించి కూడా ఒక మాట. ఫార్మా ప్లాంట్లలో చాలాచోట్ల శనివారం కూడా డ్యూటీ ఉంటుంది, షిఫ్టులుంటాయి. లింగంపల్లి నుంచి విశాఖకి జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఉన్నా అది పగలంతా ప్రయాణం, రాత్రి బండెక్కినా ఒక్క ఆదివారం కోసం రెండు రాత్రులు రైల్లో గడపాలి. వందే భారత్ కూడా ఎనిమిది గంటల పైనే. నెలకోసారి రావడం కూడా గగనమవుతుంది, హాస్టల్ ఖర్చు వేరే. మూడు నాలుగు నెలలకైతే సరే, రెండేళ్లకి కాదు.

మామయ్యగారి ‘నేను ఇక్కడే ఉంటాను’ని మనసులో మాటగా తీసుకునే ముందు ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడగండి. 74 ఏళ్ల మనిషికి తెలిసిన డాక్టరూ, రోజూ వెళ్లే రైతుబజారూ, పిలిస్తే సింహాచలం కొండకి తోడొచ్చే స్నేహితులూ ఊరికే వదులుకునేవి కావు. కానీ రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పై వాటాలో కొత్తగా దిగినవాళ్లు ఎంతవరకు చూస్తారు? ఆడపడుచు గారిని ఇప్పుడే ఈ మాటల్లో కలపండి, అనకాపల్లి దగ్గరే కాబట్టి వారానికోసారి వచ్చి చూడగలరో లేదో ఆమే చెప్పాలి. ఇల్లు మాత్రం అమ్మే ఆలోచన పెట్టుకోకండి.

హైదరాబాద్ వైపు ఉన్న బలం నేను కాదనను. పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, బాచుపల్లి, జీనోమ్ వ్యాలీ, ఎటు చూసినా ఫార్మా కంపెనీలే. ఈ ఉద్యోగం నచ్చకపోయినా ఇల్లు మారకుండా ఇంకోటి చూసుకోవచ్చు, పరవాడ చుట్టుపక్కల అంత వెసులుబాటు తక్కువ. మీ వారికి ఇక్కడ ప్రమోషన్ ఆగిపోయి ఉంటే అది పెద్ద కారణమే, ఆయన మనసులో ఏముందో మీ ఉత్తరంలో లేదు.

నన్నడిగితే, ఈ ఆఫర్‌కి ఇలాగే ఒప్పుకోవద్దు. చేతికి 85 వేలు వచ్చేలా అడగమనండి, పదకొండేళ్ల అనుభవానికి అది అత్యాశేమీ కాదు. ఇస్తే ఆయన ముందు చేరి, మీ పరీక్షలూ సెలవులూ అయ్యేలోపు ఇల్లూ స్కూలూ చూడాలి, జూన్‌కి మీరిద్దరూ వెళ్లాలి. అలా కుదరకపోతే పాప ఇంటర్ అయ్యేదాకా విశాఖలోనే ఉండి, ఆయన ఇక్కడే వేరే కంపెనీలు చూసుకోవడం మేలు. వెళ్లేట్టయితే ఇక్కడ వచ్చే గ్రాట్యుటీ డబ్బుని ఇంటి అడ్వాన్సుకీ, స్కూలు ఫీజులకీ వాడేయకుండా పాప పేరున వెయ్యండి, పీఎఫ్‌ని తియ్యకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ నంబరు)తో కొత్త కంపెనీకి బదిలీ చేయించండి. మియాపూర్, చందానగర్ వైపు స్కూళ్లకి మీ బయోడేటా ఈ వారంలోనే పంపండి, వాళ్ల దగ్గర్నుంచి వచ్చే జీతం మాట విన్నాకే మీ వారు పాత కంపెనీకి నోటీసు ఇవ్వాలి.