స్టే కోసం అబద్ధం రాస్తే జైలు సంగతి తర్వాత, ముందు కేసు పోతుంది

ప్రశ్న: "భూమి ఖాళీ చేయించకుండా స్టే తెచ్చుకోవాలి. అఫిడవిట్‌లో ఒకటి రెండు అబద్ధాలుంటే జైలు పడుతుందా?"

చట్టం ప్రకారం పడొచ్చు. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి కోర్టుకు రాసిచ్చే సాక్ష్యమే. కోర్టు విచారణలో తెలిసి తప్పుడు సాక్ష్యమిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ దానికి కోర్టే పూనుకుని ఫిర్యాదు చేయాలి. మా నల్గొండ వైపు అట్లా లోపలికి పోయినవాణ్ని నేనైతే చూడలేదు. నేను చూసింది, గెలవాల్సిన కేసు చేజేతులా పోగొట్టుకోవడం.

మా చిన్నాయనకు దేవరకొండ దగ్గర ఒక చెలక ఉండేది. కాగితాల్లో బంచరాయి, అంటే పశువుల మేతకు వదిలిన సర్కారు భూమి, కబ్జాలో మాత్రం ఏళ్లుగా ఆయనే. పత్తి వేసేవాడు. సర్కారు భూమి ఆక్రమించావు, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పమని తహసీల్దార్ ఆఫీసు నుంచి సెక్షన్ 7 నోటీసు వచ్చింది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ నడుస్తోంది మరి. చిన్నాయన సంతకం పెట్టి నోటీసు తీసుకున్నాడు. గడువులోపే జవాబు రాయించి ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర కూడా వేయించుకున్నాడు. వాళ్లేమో ఆ జవాబు ప్రస్తావనే లేకుండా సెక్షన్ 6 కింద ఖాళీ చేయమని ఆర్డర్ ఇచ్చేశారు.

ఏ వకీలుకైనా ఇంతకన్నా మంచి పాయింట్ ఏం కావాలి? జవాబు అడిగినట్టే అడిగి చదవకుండా పక్కన పడేశారు. ఆ ఒక్క మాట రాస్తే సరిపోయేది.

కానీ ఆ ఆర్డర్ మీద కోర్టుకెళ్లడానికి హైదరాబాద్‌లో అఫిడవిట్ తయారు చేసిన గుమాస్తా దగ్గర పాత ఫార్మాట్ ఒకటుంది. "నోటీసే ఇయ్యలేదని రాస్తే స్టే జల్ది వస్తది పెద్దాయనా, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అంతా ఇంగ్లీషులో కొట్టాడు. మధ్యలో ఒక పేరాలో వేరే ఎవరిదో ఊరి పేరు అట్లాగే మిగిలిపోయింది. చివర్లో "తెలుగులో చదివి వినిపించాం, అర్థం చేసుకుని సంతకం పెట్టారు" అనే వాక్యం మాత్రం ఉంది. ఎవరూ వినిపించలేదు. నన్నడిగితే రైతుల పేరుతో కోర్టుకెక్కే అబద్ధాల్లో సగం ఇట్లా గుమాస్తా బల్ల మీద పుట్టినవే. తెలుగు రాష్ట్రంలో తెలుగు రైతు ప్రమాణం చేసే కాగితం తెలుగులో ఎందుకుండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమనే ఆర్డర్, వచ్చింది. ఊళ్లో మిఠాయి పంచారు. తర్వాత సర్కారు వకీలు కౌంటర్ (మా పిటిషన్‌కు జవాబు) వేస్తూ చిన్నాయన సంతకమున్న నోటీసు, ఆయనిచ్చిన జవాబు రెండూ జతచేశాడు. నోటీసే రాకపోతే ఈ జవాబు దేనికిచ్చారని జడ్జి అడిగారు. మా వకీలు గొంతు సవరించుకున్నాడు తప్ప మాట రాలేదు. వాస్తవాలు దాచి వచ్చారంటూ పిటిషన్ కొట్టేశారు. జవాబు చూడలేదన్న మా అసలు బాధ దాకా వాదన పోనేలేదు. కాయ పట్టిన పత్తి మీదికి జేసీబీ వచ్చింది. ఆ చట్టంలో పంటను కూడా జప్తు చేసే అధికారం ఉంది, అది కూడా తెలుసుకోండి.

ఇది కొత్త సంగతేం కాదు. కీలకమైన కాగితం దాచి డిక్రీ తెచ్చుకోవడం కోర్టును మోసం చేయడమేనని చెంగల్వరాయ నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది.

అబద్ధం అవతలివాడు రాసి మీ మీద ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఆర్డర్) తెచ్చుంటే దారి వేరు. సివిల్ కోర్టులో మీకు నోటీసు లేకుండా ఆర్డర్ ఇచ్చి ఉంటే, ముఖ్యమైన విషయంలో తెలిసే తప్పు రాశాడని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 కింద రద్దుకు పిటిషన్ వేయండి. స్టే ఆర్నెల్లకు దానంతటదే పోతుందని చాయ్ హోటళ్లలో చెప్పే మాట నమ్మకండి. ఆ మాటకు ఆధారమైన 2018 నాటి తీర్పును సుప్రీంకోర్టే 2024లో పక్కన పెట్టింది.

మీకు నోటీసు ఎవరిచ్చారో, మీరు జవాబు ఇచ్చారో లేదో రాయలేదు. ఇచ్చుంటే ముద్ర ఉన్న ఆ నకలు వకీలు చేతిలో పెట్టి, దాని తేదీ అఫిడవిట్‌లో ఎక్కించేదాకా సంతకం పెట్టకండి. ఇవ్వకపోతే, గడువు మిగిలుంటే రేపే ఇవ్వండి.