కంటి పరీక్షకి చదువుకుని రాకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. రొయ్యల మేత బస్తా మీద అక్షరాలు చదవడానికి నీకు చెయ్యి చాలట్లేదట. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే "ఈ పంట పట్టాక చూద్దాం" అంటున్నావట. పోయిన పంటకీ ఇదే మాట అన్నావు. నీకు 43 వచ్చాయి. ఈ వయసులో దగ్గరివి మసగ్గా కనపడితే దాన్ని చత్వారం అంటారు. కంట్లో ఉండే లెన్సు వయసుతో బిగుసుకుపోయి, దగ్గరి చూపుకి సర్దుకోలేదు. అందరికీ వచ్చేదే. నీ భయం దాని గురించి కాదని నాకు తెలుసు. మీ నాన్నకి ఉన్న కంటి జబ్బు నీకూ ఉందంటారేమోనని.

అందుకే ఉత్తరం రాస్తున్నా. ఫోన్లో అయితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు.

ముప్పై ఏళ్ళకి పైగా కోనసీమ పల్లెల్లో కళ్ళు చూసే ఉద్యోగం చేశాను కదా, ఒక సంగతి గట్టిగా తెలిసింది. "పరీక్ష" అనే మాటలోనే చిక్కుంది. ఆ మాట వినగానే మనవాళ్ళకి పాసవ్వాలని పట్టుదల వస్తుంది. ఒకసారి రాజోలు వైపు క్యాంపులో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చోగానే చార్టు గడగడా అప్పజెప్పేశాడు. నాకు అనుమానం వచ్చి, ఆయన చూడకుండా చార్టు తీసి ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు వైపులకీ తిప్పి రాసిన చార్టు తగిలించాను. ఈయన మళ్ళీ అదే పాఠం మొదలెట్టాడు! లైనులో నిలబడి ముందువాళ్ళు చదువుతుంటే కంఠతా పట్టేశాడన్నమాట. చూస్తే రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. "నాకు ఆపరేషన్ వద్దు బాబూ, అందుకే చదువుకొచ్చాను" అన్నాడు. నువ్వు అలా చదువుకుని రాకు. కనపడకపోతే కనపడట్లేదను, సందేహంగా ఉంటే సందేహంగా ఉందను. అక్కడ ఎవరూ మార్కులు వెయ్యరు.

వెళ్ళగానే ముందు చార్టే చదివిస్తారు. ఆరు మీటర్ల దూరం నుంచి, ఒక కన్ను మూసి ఒకటి. గది చిన్నదైతే అద్దంలో చూపిస్తారు, తికమక పడకు. మూసిన కంటిని వేళ్ళతో నొక్కకు. నొక్కితే తరవాత ఆ కన్ను కాసేపు మసకేస్తుంది. వేళ్ళ సందుల్లోంచి తొంగిచూసేవాళ్ళు కూడా ఉంటారు, అదీ చెయ్యకు. 6/6 అంటే మామూలు చూపు. 6/60 అంటే బాగా కనపడేవాడు అరవై మీటర్ల నుంచి చదివేది నువ్వు ఆరు మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేవని. చిన్న బెజ్జం ఉన్న నల్లటి రేకు కంటికి అడ్డం పెట్టి మళ్ళీ చదవమంటారు. అప్పుడు అక్షరాలు తేటపడితే చాలావరకు అద్దాలతో సరిపోయే లోపమే అని అర్థం.

తరవాత ఒక మిషను ముందు గడ్డం ఆనించమంటారు. లోపల రోడ్డు, చివర రంగుల బెలూను బొమ్మ కనిపిస్తుంది. బొమ్మ మసకబారి తేటపడుతుంటే చూస్తూ కూర్చోవడమే. అది చెప్పే సైటు ఒక అంచనా, దాన్నే అద్దాలకి రాసెయ్యరు. అసలు పని ఆ తరవాత, గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగేటప్పుడు. ఇక్కడే జనానికి టెన్షన్. తప్పు చెబితే తప్పు అద్దాలు ఇస్తారని భయం. అదేమీ లేదు. తిప్పి తిప్పి అడుగుతారు, ఒకచోట తప్పినా ఇంకోచోట దొరుకుతుంది. రెండూ ఒకేలా ఉంటే "ఒకేలా ఉన్నాయి" అను, అదీ జవాబే.

దగ్గరి చూపు చూసేటప్పుడు మాత్రం ఒక పని చెయ్యి. మేత బస్తా మీద నువ్వు చదవలేని ముక్క కత్తిరించి జేబులో పెట్టుకెళ్ళు. నరసాపురం వైపు లేసు అల్లే ఒకావిడ, కళ్ళు పోయాయని అల్లిక మానేసి రెండేళ్ళు ఇంట్లో కూర్చుంది. పరీక్షకి రమ్మంటే సూది, దారపుండ తీసుకునే వచ్చింది. అద్దాలు పెట్టి అక్కడే అల్లించి చూశాం. పుస్తకం చదివే దూరానికి పెట్టిన అద్దం ఆవిడకి పనికిరాలేదు, ఆవిడ అల్లిక ఇంకా దగ్గరగా పట్టుకుంటుంది మరి. కాస్త పవర్ పెంచగానే సూది కొక్కెం కనపడింది. నీది రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పని, తూకం పని, ఫోను పని. ఎంత దూరంలో పట్టుకుంటావో చేత్తో చూపించు.

ఇంతవరకూ అయితే అద్దాల షాపులో కూడా చేస్తారు. చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. నేను రాయాలనుకున్నది ఇక్కడినుంచి మొదలవుతుంది.

మీ నాన్న కళ్ళు మొదట చూసింది నేనే. రెండు కళ్ళూ 6/6. ఆ కాగితం నా చేతిరాతే. "బావా, నీ కళ్ళకేం, కుర్రాడి కళ్ళు" అని నవ్వాను కూడా. అప్పటికే ఆయన ఎడమ భుజం తలుపు చెక్కకి కొట్టుకునేది. కాలవ గట్టు మీద సైకిలు తొక్కుతూ పక్కనుంచి వచ్చే మనుషుల్ని రాసుకుంటూ పోయేవారు. పరధ్యానం అనుకున్నాం. మూడేళ్ళ తరవాత ఒక డాక్టరు కంటి నరం చూసి నీటికాసులు అన్నారు. అది చూపుని అంచుల నుంచి తింటూ వస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. నడిమి చూపు చివరిదాకా మిగులుతుంది కాబట్టి చార్టు శుభ్రంగా చదివేస్తారు. పోయిన చూపు తిరిగి రాదు. ఇప్పుడు రోజూ రాత్రి మీ అమ్మ వేసే చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడటానికే.

కన్నవాళ్ళకి, తోడబుట్టినవాళ్ళకి ఉంటే మనకి వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. తప్పకుండా వస్తుందని కాదు. డాక్టరుతో మొదటి మాటే "మా నాన్నకి నీటికాసులు ఉంది" అని చెప్పు. నీకున్న షుగరు సంగతి రెండో మాట.

అప్పుడు కంటి ప్రెజరు చూస్తారు. ఒక మిషను టపీమని కంట్లోకి గాలి కొడుతుంది. నొప్పేం ఉండదు గానీ ఉలిక్కిపడతావు, నేనూ పడతాను. కొన్నిచోట్ల పసుపు రంగు చుక్క వేసి నీలం లైటుతో చూస్తారు, అది ఇంకా నమ్మకమైనది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. 16 వచ్చిందని లేచి వచ్చెయ్యకు. ప్రెజరు బాగున్నవాళ్ళలో కూడా నీటికాసులు ఉంటుంది. నరం చూడాల్సిందే.

నరం, రెటీనా బాగా కనపడాలంటే కంటిపాప పెద్దది అవ్వాలి. దానికి చుక్కలు వేస్తారు. కాస్త మండుతుంది. అరగంట కళ్ళు మూసుకుని బల్ల మీద కూర్చోవాలి. తరవాత డాక్టరు తలకి లైటు కట్టుకుని, పైకి చూడు, కిందకి చూడు అంటారు. ఆ వెలుతురు భరించడం కష్టంగానే ఉంటుంది, ఒక్కో కంటికీ నిమిషమో రెండో. షుగరు ఉన్నవాళ్ళకి రెటీనాలో రక్తనాళాలు దెబ్బతింటున్నా మొదట్లో ఏమీ తెలియదు, అందుకని నీకు ఈ చుక్కల పరీక్ష ఏడాదికోసారి ఉండాలి. నీకు షుగరు వచ్చి ఐదేళ్ళు. ఒక్కసారీ చేయించలేదు. దీని మీద ఇంకేం రాసినా తిట్టినట్టే ఉంటుంది, వదిలేస్తున్నా.

చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి కనపడవు, ఎండ కళ్ళల్లో పొడుస్తుంది. బండి మీద మాత్రం రాకు. మధ్యాహ్నం పూట కాలవ నీళ్ళ మీద ఎండ ఎలా మెరుస్తుందో నీకు చెప్పక్కర్లేదు, ఆ గట్టు మీద బండి నడుపుతావా? పాలకొల్లులో బస్సెక్కి చించినాడ వంతెన మీదుగా అమలాపురం వచ్చెయ్యి.

అనుమానం వస్తే ఇంకో పరీక్ష పెడతారు. గిన్నెలాంటి దాంట్లోకి చూస్తుంటే చిన్న చిన్న లైట్లు వెలుగుతాయి, కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. సగం లైట్లు అసలు కనపడవు. ఎవరికైనా అంతే, ఎంత మసక వెలుగు దాకా చూడగలవో తేల్చడానికే అది అలా పెట్టారు. మీ నాన్న ఈ సంగతి తెలియక, తోచినప్పుడల్లా బటన్ నొక్కేశారు. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాల్సొచ్చింది.

వచ్చేటప్పుడు షుగరు రిపోర్టులు, వాడే మాత్రల చీటీ తీసుకురా. ఈ మధ్య షుగరు మూడు వందలు దాటుతుంటే చెప్పు. షుగరు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు సైటు కూడా మారిపోతుంటుంది. అప్పుడు చేయించిన అద్దాలు నెల తిరిగేసరికి పనికిరావు. కాబట్టి నరం, రెటీనా ఇప్పుడే చూపించుకుని, అద్దాలు షుగరు కుదిరాక చేయించుకున్నా తప్పులేదు. చీటీలో సిలిండర్ అని రాస్తే కంగారు పడకు, గ్యాస్ బండ కాదు. నల్లగుడ్డు వంపు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉందని, అంతే.

ఇంకొకటి, దీనికీ నీ పరీక్షకీ సంబంధం లేదు గానీ రాయకుండా ఉండలేను. దాళ్వా (రెండో పంట) కోతల్లో కంట్లో వడ్ల నూగు పడితే మందుల షాపులో ఏదో ఒక చుక్కల సీసా అడిగి వేసుకునే అలవాటు మీ ఊళ్ళో ఇంకా ఉందని విన్నాను. వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీద పుండు ముదిరిపోతుంది. మీ పొలం కూలీలకి చెప్పు.

అమ్మాయిని, చంటిదాన్ని కూడా తీసుకురా. నా మనవరాలు టీవీకి అతుక్కుపోయి చూస్తోందని మీ అమ్మ చెప్పింది. అది గారం కావచ్చు, సైటూ కావచ్చు.

గురువారం ఉదయం తొమ్మిదిలోపు వచ్చెయ్. బస్టాండులో ఉంటాను, డాక్టరు దగ్గర నీ పక్కనే కూర్చుంటాను. చుక్కలు వేశాక ఫోను నా చేతికిచ్చెయ్, చెరువు దగ్గరి కుర్రాళ్ళ ఫోన్లు నేనెత్తుతా. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఆగిపోతే ఏం చెప్పాలో మాత్రం ముందే ఒక కాగితం మీద రాసివ్వు. పెద్ద అక్షరాలతో రాయి.

మీ మావయ్య